ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ల తికమక: సీటీనా, ఎంఆర్ఐనా?

తుంటి ఎముక ఆపరేషన్ అయిన రెండో రోజు అమ్మ మనల్ని గుర్తుపట్టకపోతే, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి వరండాలో నిలబడ్డ ఎవరికైనా ముందు స్కానింగే గుర్తొస్తుంది.

సమయం: సీటీకి కొన్ని నిమిషాలు. ఎంఆర్ఐకి తరచూ అరగంట, అదీ కదలకుండా. తికమకలో ఉన్న మనిషికి అది చాలా కష్టం. ఒక్కోసారి మత్తు ఇవ్వాలి, ఆ మత్తే తికమకను పెంచవచ్చు.
ఖర్చు: ఎంఆర్ఐకే ఎక్కువ.
రిస్క్: సీటీలో రేడియేషన్ ఉంటుంది. ఎంఆర్ఐలో ఉండదు, కానీ గుండెకు పెట్టిన పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి.
కనిపించేది: సీటీలో రక్తస్రావం. ఎంఆర్ఐలో చిన్న స్ట్రోకులు, హిప్పోక్యాంపస్ (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) కుంచించుకుపోవడం కూడా.

తలకు దెబ్బ తగిలినా, మూతి వంకరపోయినా వెంటనే సీటీ. గాజువాకలో ఇంటికొచ్చి నెలలు గడిచినా మతిమరుపు తగ్గకపోతే ఎంఆర్ఐ. ఉత్త తికమకే అయితే ముందు రక్తంలో సోడియం, ఇన్ఫెక్షన్, వాడుతున్న మందులు చూడమని డాక్టరుగారిని అడగండి. అమ్మ వాడే కళ్లద్దాలు, వినికిడి మిషన్ పెట్టండి; సరిగా కనపడక, వినపడకపోయినా తికమక పెరుగుతుంది.