కొవ్వు ముద్ద ఫీడర్: నాలుగేళ్లు వాడాక చెప్తున్నా

2020 లాక్‌డౌన్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి ఆన్‌లైన్లో తెప్పించానండి ఈ ఫీడర్, పలకంత ఇనప జాలీ పంజరం, అందులో కొవ్వు ముద్ద పెడితే వడ్రంగి పిట్టలు వచ్చి వాలిపోతాయంట. మాది కవిటి వైపు, ఉద్దానం. మే నెల ఎండకి ఆ ముద్ద రెండో రోజుకే కారిపోయి ఒకటే కంపు. మంచు పడే దేశాలకి పనికొచ్చే సరుకది, మనకి కాదు. తర్వాత వేరుశెనగ పిక్కలు పోశా, బెల్లం కలిపి చూశా, ఉడతలూ గోరింకలూ బలిశాయి తప్ప వడ్రంగి పిట్ట ఆ పంజరం మీద వాలింది మొత్తానికి ఒకే ఒక్కసారి, అదీ లోపలున్న తిండికి కాదు, పైన పాకుతున్న చీమలకి! మా అమ్మైతే "పిట్టకెట్టినట్టు నాకెప్పుడైనా ఎట్టినావేట్రా" అంటాది.

అసలు వాటిని రప్పించింది వేరే. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫానుకి మొవ్వు విరిగిపోయిన కొబ్బరి చెట్టొకటి పెరట్లో మోడైపోయి ఉండేది, కొట్టించేద్దాం కొట్టించేద్దాం అనుకుంటూ బద్ధకించి వదిలేశాం. దాని మీదకి పొద్దున్నే జంట వచ్చేది. గెంతుకుంటూ పైకెక్కి, తోకని మూడో కాలులా మానుకి ఆనించి, టకటకా కొడతంటే పొట్టు పిండిలాగ రాలేది, మనం కాస్త కదిలామా, మాను వెనక్కి తిరిగిపోయి తల ఒక్కటీ బయటెట్టి చూస్తాది.

గుర్తుపట్టడం గురించి. మా దగ్గరకొచ్చేదానికి వీపు బంగారు పసుపు, తోక మొదట్లో నలుపు, గొంతు నలుపు మీద తెల్ల చుక్కలు. మగదానికి నెత్తంతా ఎరుపే, ఆడదానికి నుదురు దగ్గర నలుపు మీద తెల్ల చుక్కలుండి వెనక జుట్టు మాత్రం ఎరుపు. ఏడాది పాటు అవి రెండు జాతులనుకున్నా నేను! ఇంకోటి, నేల మీద తిరుగుతూ పొడవాటి ముక్కుతో పొడిచే జుట్టు పిట్టని మా వీధంతా వడ్రంగి పిట్ట అంటారు, అది కూకుడు గువ్వ.

నిరుడు వానలకి మోడు కూలిపోయింది. నాలుగడుగుల ముక్క కోసి పనస చెట్టుకి తీగతో కట్టా, పక్కన మట్టి మూకుడులో నీళ్లు పెట్టా. పదకొండో రోజుకి ఆడది వచ్చింది, మగది ఇంకా రాలేదు.

ఫీడర్‌కి 5కి 2. ఇప్పుడది నూతి దగ్గరుంది, అమ్మ సబ్బూ పీచూ పెట్టుకుంటంది.