సముద్రం వైపు గోడకు టేకు పలకలు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఇంటి ముందు గోడకు 2016లో టేకు పలకలు బిగించాం. పలక వెడల్పు 5 అంగుళాలు, మందం ముప్పావు అంగుళం, మొత్తం సుమారు 260 చదరపు అడుగులు. కింది అంతస్తులో ఉన్న సగం గోడకు రంగులేని పీయూ (పాలీయురెథేన్, చెక్క పైన గట్టి మెరుపు పొరగా నిలిచే పూత) వేయించాం. పై అంతస్తులో ఉన్న మిగతా సగానికి చెక్కలోకి ఇంకే ఎక్స్‌టీరియర్ ఉడ్ ఆయిల్ పూయించాం. చెక్క ఒకటే, ఉప్పుగాలీ పొద్దుటి ఎండా ఒకటే. నిలిచింది ఆయిలే.

పీయూ మొదటి ఏడాది అద్దంలా మెరిసింది. రెండో వర్షాకాలం దాటేసరికి పలకల అంచుల్లో వెంట్రుకంత పగుళ్లు, వాటి చుట్టూ పాలు ఒలికినట్టు తెల్లమచ్చలు, ఆ తర్వాత పెచ్చులు. తడికి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. గట్టిపడిన పొర దాంతో సమానంగా సాగదు. పైగా రంగులేని పొర అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపలేదు. అవి లోపలికి పోయి చెక్క పైనారలో లిగ్నిన్‌ను, అంటే నారను పట్టి ఉంచే జిగురులాంటి పదార్థాన్ని, చెరుపుతాయి. కింద చెక్కే పొడిబారాక పైన పీయూ ఎంత ఖరీదైనదైనా దానికి పట్టు దొరకదు. పగుళ్లలో దూరిన నీళ్లు బయటికి రాలేక చెక్కను నల్లబరుస్తాయి. అక్కడక్కడా సర్దితే అతుకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి మొత్తం గీకాల్సిందే. హీట్ గన్, స్క్రేపర్‌తో పొర లేపి 60, 80, 120 నంబరు ఎమరీ పట్టడానికి ఇద్దరు పనివాళ్లకు నాలుగు రోజులు పట్టింది. 2019లో ఆ గోడను కూడా ఆయిల్‌కే మార్చేశాం.

ఆయిల్‌లోనూ పూర్తిగా రంగులేనిది వద్దు. ఎండను అడ్డుకునేది అందులోని రంగు రేణువులే. రంగులేనిది మా గోడ మీద ఏడు నెలలకే తేలిపోయింది, టేకు షేడ్ ఉన్నది పద్నాలుగు నెలలు ఆగింది. చవకగా వస్తుందని పచ్చి అవిసె నూనె పూయించొద్దు. ఆరడానికి రోజులు పడుతుంది, ఈ ఊరి చెమ్మలో బూజుకు అదే మేత.

మళ్లీ ఎప్పుడు పూయాలో చెక్కే చెబుతుంది. పలక మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. ముత్యాల్లా నిలబడితే ఇంకా టైముంది. ఐదు నిమిషాల్లో ఇంకిపోయి కింద ముదురు మచ్చ తేలితే ఆయిల్ అయిపోయినట్టే. మేం సంక్రాంతి వెళ్లాక పని పెట్టుకుంటాం, అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు అయిపోతాయి. ముందు మంచినీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్‌తో ఉప్పు, రేవు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే చెక్క నార లేచిపోతుంది. రెండు మూడు రోజులు ఆరనిచ్చి, తేమ మీటరులో 15 శాతం లోపు చూపించాక 120 నంబరు ఎమరీ నార వెంబడే తేలిగ్గా పట్టాలి. 150 దాటి నునుపు చేస్తే నూనె సరిగా ఇంకదు.

తూర్పు గోడకు పూత మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత, నీడ పడ్డాకే. ఎండలో కాలిన పలక మీద నూనె లోపలికి ఇంకకముందే పైనే ఆరి జిగటపడుతుంది. కొత్తగా గీకిన 130 చదరపు అడుగులకు మొదటి పూత లీటరుంపావు తాగింది, రెండోది ముప్పావు లీటరు. ఏటా చేసే ఒక్క పూతకు మొత్తం గోడకు లీటరున్నర చాలు. పదిహేను, ఇరవై నిమిషాలాగి పైన మిగిలిన నూనెను పాతబట్టతో పూర్తిగా తుడిచెయ్యాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. తుడవకపోతే అది జిగటపొరగా మారి ఊళ్లో దుమ్మంతా పట్టుకుంటుంది. ఆ తుడిచిన బట్టలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి.

కోసిన చివరలు నీటిని గొట్టాల్లా పీలుస్తాయి. పలక ముఖానికి ఒక పూతయితే చివరలకు మూడు, తడి ఆరకముందే ఒకదాని మీద ఒకటి.

నల్లమచ్చలు వస్తే ముందు బూజో ఇనుమో తేల్చుకోవాలి. మచ్చ మీద ఒక చుక్క బ్లీచ్ వేస్తే బూజు కాసేపట్లో పాలిపోతుంది, ఇనుప మరక కదలదు. ఇనుము చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి ఆ నలుపు పుడుతుంది. బిగించినవాళ్లు వాడిన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) స్క్రూల తలల కింద సరిగ్గా ఇలాగే కాటుక కారినట్టు చారలు దిగాయి. లీటరు గోరువెచ్చటి నీళ్లలో 60 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లం కలిపి, గ్లవ్స్ వేసుకుని పూసి, ఇరవై నిమిషాలకు బాగా కడిగితే మరక పోయింది. ఈ ఆమ్లం విషం, బ్లీచ్‌తో ఎప్పుడూ కలపొద్దు. స్క్రూలు మాత్రం మార్చక తప్పలేదు. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్ కూడా ఈ గాలికి గోధుమరంగు తిరుగుతుంది, 316 గ్రేడు అడిగి తెచ్చుకోండి. స్టీల్ ఊల్‌తో రుద్దడం అసలే వద్దు, దాని నలుసులు చెక్కలో ఇరుక్కుని కొత్త మచ్చలు పుట్టిస్తాయి.

టేకైతే చెదా చివుకూ పట్టదన్న మాట చేవకే, అంటే మానులో లోపలి ముదురు చెక్కకే, వర్తిస్తుంది. అంచున తెల్లచెక్క (బెరడు కింది లేత చెక్క) ఉన్న అడుగు పలకలు రెండు ఆరో ఏడు చివికాయి. స్క్రూడ్రైవర్ మొన అరంగుళం దిగింది. లప్పం పెడితే దాని వెనక నీళ్లు నిలిచి ఇంకా చెడుతుంది కాబట్టి పలకే మార్చాం. కొత్తవాటికి బిగించకముందే నాలుగు వైపులా ఆయిల్ పట్టించాం, నేలకు 8 అంగుళాల ఎత్తున ఆపాం, వెనక రీపర్లతో వదిలిన 20 మిల్లీమీటర్ల గాలిసందుకు కిందా పైనా దోమల జాలీ కొట్టాం. వానజల్లు ఇప్పటికీ లోపలికి పోతుంది, కానీ సాయంత్రానికి ఆరిపోతోంది.