పవర్ సప్లైలో రెక్టిఫయర్‌గా డయోడా, ట్రాన్సిస్టరా: ఏది మేలు?

12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో 5 ఆంపియర్ల పవర్ సప్లై కట్టినప్పుడు మొదట ఇబ్బంది పెట్టేది బ్రిడ్జి వేడి; ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా కలిపిన నాలుగు డయోడ్ల అమరికే బ్రిడ్జి. ప్రతి అర్ధ చక్రంలోనూ కరెంటు రెండు డయోడ్ల గుండా వెళ్తుంది. ఒక్కో సిలికాన్ డయోడ్ మీద సుమారు 1 వోల్టు పడిపోతుంది కనుక మొత్తం 10 వాట్లు వేడిగా మారతాయి. హీట్‌సింక్ లేకపోతే కొద్దిసేపటికే బ్రిడ్జి మీద వేలు పెట్టలేము. డయోడ్ల స్థానంలో ట్రాన్సిస్టర్లు వాడవచ్చా అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. అయితే మామూలు ట్రాన్సిస్టర్‌లోని జంక్షన్‌ను డయోడ్‌గా వాడటం వేరు, గేటు అనే కాలుకిచ్చే వోల్టేజీతో ఆన్, ఆఫ్ అయ్యే ట్రాన్సిస్టర్ రకమైన మాస్‌ఫెట్‌ను స్విచ్‌గా నడపడం వేరు.

మామూలు ట్రాన్సిస్టర్‌తో లాభం లేదు. అందరికీ తెలిసిన 2ఎన్3055నే తీసుకుంటే, దాని బేస్-ఎమిటర్ జంక్షన్ తట్టుకోగల రివర్స్ వోల్టేజీ 7 వోల్టులే; మన బ్రిడ్జిలో 12 వోల్టుల ఏసీ శిఖరం దగ్గర 17 వోల్టుల దాకా వస్తుంది. కలెక్టర్-బేస్ జంక్షన్ 100 వోల్టులు తట్టుకుంటుంది గానీ, అదీ సిలికాన్ జంక్షనే కాబట్టి వేడి ఏమీ తగ్గదు, పైగా బేస్ కాలు గుండా 7 ఆంపియర్లు మించి పంపకూడదు. ఎమిటర్ పోయిన పాత 2ఎన్3055 పెట్టెలో పడి ఉంటే అత్యవసరానికి డయోడ్‌గా పనికొస్తుంది, అంతే.

తక్కువ వోల్టేజీ పడిపోయే షాట్కీ డయోడ్లు వేస్తే నష్టం దాదాపు సగానికి తగ్గుతుంది. వేడెక్కే కొద్దీ వాటి లీకేజీ (వెనక్కి కారే కరెంటు) పెరుగుతుంది కనుక హీట్‌సింక్ మాత్రం తప్పదు.

అసలైన తేడా మాస్‌ఫెట్‌తోనే వస్తుంది. ఐఆర్ఎఫ్3205 పూర్తిగా ఆన్ అయినప్పుడు దాని నిరోధం 8 మిల్లీఓమ్‌లు మాత్రమే. 5 ఆంపియర్ల దగ్గర పడిపోయేది 40 మిల్లీవోల్టులు. బ్రిడ్జి తర్వాత వోల్టేజీని నిలకడగా ఉంచే కెపాసిటర్ వల్ల కరెంటు పెద్ద పెద్ద పల్సులుగా పారినా బ్రిడ్జి మొత్తం నష్టం 2 వాట్లు దాటదు. కానీ డయోడ్ తనంతట తాను ఆగినట్టు మాస్‌ఫెట్ ఆగదు. గేటుకు వోల్టేజీ ఉన్నంతసేపు అది రెండు వైపులా కరెంటును పంపుతుంది. నేను మొదటిసారి గేట్లను ట్రాన్స్‌ఫార్మర్ ఎదుటి తీగకే కలిపాను. కెపాసిటర్ పెట్టనంతవరకు చక్కగా పనిచేసింది. 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టగానే ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమని మోగి, మాస్‌ఫెట్లు కాలిపోయేంతగా వేడెక్కాయి. ఏసీ వోల్టేజీ కెపాసిటర్ వోల్టేజీకన్నా దిగిపోయిన ప్రతిసారీ, నింపిన ఛార్జి వెనక్కి వైండింగ్‌లోకి పారుతోందన్నమాట. అందువల్ల ఎల్‌టీ4320 వంటి కంట్రోలర్ తప్పనిసరి. 9 నుంచి 72 వోల్టుల మధ్య పనిచేసే ఈ చిప్, నాలుగు మాస్‌ఫెట్ల మీది వోల్టేజీని గమనిస్తూ, కరెంటు తిరగబడకముందే గేటును మూసేస్తుంది.

కనుక 1 ఆంపియర్ లోపు మామూలు సిలికాన్ డయోడ్లైన 1ఎన్4007లే చాలు, అక్కడ మాస్‌ఫెట్ దండగ. 3 ఆంపియర్ల వరకు షాట్కీ మేలు. 5 ఆంపియర్లు, అంతకు మించి కావాలనుకుంటే, ముఖ్యంగా గాలి ఆడని పెట్టెలో బిగించాల్సి వస్తే, ఖర్చు ఎక్కువైనా కంట్రోలర్‌తో కూడిన మాస్‌ఫెట్ బ్రిడ్జినే ఎంచుకోవాలని నా అభిప్రాయం. మాస్‌ఫెట్‌లోని అంతర్గత డయోడ్ దిశ, ఆ మాస్‌ఫెట్ ఏ డయోడ్ స్థానంలో వచ్చిందో దాని దిశ ఒక్కటే అయి ఉండాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి సీరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఏ ఒక్క మాస్‌ఫెట్ తిరగబడి ఉన్నా బల్బు వెలుగుతూనే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోకుండా మిగులుతుంది.