డ్రాగన్ తోక మీద 318 మలుపులు, ఆ పైన స్కైవే

అట్లాంటాలో కార్ల పిచ్చి ఉన్న మనవాళ్ళు నలుగురు కలిస్తే 'టెయిల్ ఆఫ్ ది డ్రాగన్' మాట రాకుండా ఉండదు. టెనెస్సీ, నార్త్ కరోలినా సరిహద్దులో యూఎస్ 129 రోడ్డు మీద 11 మైళ్ళు, అందులోనే 318 మలుపులు. ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నది మొన్న అక్టోబరులో కుదిరింది. పక్క సీట్లో మా బావ.

కారు మాజ్దా మియాటా. రెండే సీట్లు, మాన్యువల్ గేరు, టాపు తీసేసుకోవచ్చు. ఇంజను 181 హార్స్‌పవరే గానీ బండి తేలిక, ఈ రోడ్డుకి అంతకు మించి అక్కర్లేదు. డిక్కీలో రెండు చిన్న బ్యాగులు పట్టాయి, అంతే. అద్దెకిచ్చినాయన మాత్రం టైర్లు చూడకుండానే తాళాలు చేతిలో పెట్టేశాడు. గంట దాటాక డాష్‌బోర్డులో లైటు వెలిగింది. బంకులో ఆగి చూస్తే వెనక ఎడమ టైరులో గాలి సగమే ఉంది. కొండ రోడ్డుకి వెళ్తున్నామని ముందే చెప్పాం కూడా, అందుకే చాలా కోపం వచ్చింది. తాళాలు తీసుకునే ముందే మీరు నాలుగు టైర్లూ చూసుకోండి.

మొదటి రాత్రి రాబిన్స్‌విల్‌లో చిన్న మోటెల్. గది మామూలుదే, కానీ కారు గుమ్మం ముందే పెట్టుకోవచ్చు, డ్రాగన్ కూడా దగ్గరే. రెండో రాత్రి ఫాంటానా డ్యామ్ దగ్గర కేబిన్. వంటగది ఉంది, అన్నం వండుకున్నాం. కుటుంబంతో వెళ్తే ఫాంటానాయే మేలు. 480 అడుగుల ఎత్తున్న ఆ డ్యామ్ కూడా పిల్లలకు చూపించొచ్చు.

శనివారం పొద్దున ఎనిమిదికల్లా డ్రాగన్ మొదలయ్యే డీల్స్ గ్యాప్ చేరాం. ఆలస్యమైతే బైకుల వరుస మొదలవుతుంది. అక్కడ ఒక చెట్టుకి పడిపోయిన బైకుల ముక్కలు వేలాడదీసి ఉంటాయి: పగిలిన అద్దాలు, గీసుకుపోయిన ట్యాంకులు. అది చూశాక కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద తేలికైంది.

స్పీడ్ లిమిట్ 30 మైళ్ళు. రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండో గేరు. అరకు ఘాట్‌లో మలుపు మలుపుకీ హారన్ కొట్టి తిరిగే అలవాటు మాది. ఇక్కడ ఆ మోత లేదు. ఎదుటివాడు పసుపు గీత దాటడన్న నమ్మకం మీదే బండి తిప్పాలి. వెనక ఎవరైనా తొందరలో ఉంటే పక్కన ఆగి దారి ఇచ్చేయండి, ఏ టెన్షనూ ఉండదు. "బావా, చూపు రోడ్డు మీదే పెట్టు," అంటూ మా వాడు డోరు పట్టుకునే కూర్చున్నాడు. నిజానికి చూడ్డానికి రోడ్డు తప్ప ఏమీ లేదు. రెండు వైపులా చెట్లే. కాల్డర్‌వుడ్ డ్యామ్ కనిపించే చోట ఒక్కటే లోయ బయటపడుతుంది.

అందుకే నా ఓటు చెరోహాలా స్కైవేకి. డ్రాగన్ దిగి, టెలికో ప్లెయిన్స్ మీదుగా చుట్టి వచ్చి మధ్యాహ్నం ఇది ఎక్కాం. ఇదీ కొండ రోడ్డే, 1996లో తెరిచారు, నలభై మైళ్ళకు పైనే ఉంటుంది. దారిలో పెట్రోలు దొరకదు, ఫోను సిగ్నలూ అంతంతే. టెలికోలోనే ట్యాంకు నింపుకుని, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఇక్కడ మలుపులు వెడల్పు. మూడో గేరులో పెట్టి వదిలేస్తే కారు పాటలా సాగుతుంది. పడమటి నుంచి ఎక్కాం కాబట్టి సాయంత్రం ఎండ వీపు వెనకే ఉంది, ఎర్రబడిన ఆకుల మీద పడుతూ.

శాంటీట్లా ఓవర్‌లుక్ ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తు, 5,390 అడుగులు. అక్కడ ఇంజను ఆపాం. చల్లారుతున్న లోహం టిక్ టిక్ మంటోంది. బానెట్ వెచ్చగా ఉంది. డబ్బా దాని మీద పెట్టుకుని, అక్క కట్టిచ్చిన పులిహోర తిన్నాం. చలికి చేతులు కొంకర్లు పోతున్నా బావ టాపు వెయ్యనివ్వలేదు.