పెంకుటిల్లు, డాబా, పద్నాలుగో అంతస్తు: మూడూ కారాయి

అమలాపురం దగ్గర మా తాతగారు కట్టించిన మండువా లోగిలిలో పంతొమ్మిదేళ్లు ఉన్నాను. ఆ తర్వాత రాజమండ్రిలో 1984 నాటి డాబా ఇంట్లో ఇరవై రెండేళ్లు. 2019 నుంచి హైదరాబాద్ శివార్లలో కొత్త ఫ్లాట్. ఏ ఇల్లు బాగుందని అడిగితే అందరూ చల్లదనం, గాలి, వెలుతురు దగ్గర మొదలెడతారు. నా లెక్క వేరు. ఇల్లన్నాక ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. కారినప్పుడు ఎవర్ని పిలవాలి, ఎన్నాళ్లకి ఆగుతుంది?

లోగిలిలో నాలుగు వైపుల కప్పూ మండువాలోకి వాలి ఉండేది. వాననీళ్లు మధ్యలో పడి తూములోంచి పెరట్లోకి పోయేవి. మూరెడు మందం సున్నపు గోడలు, టేకు స్తంభాలు, పైన బెంగుళూరు పెంకు. కారితే రెండే చోట్ల కారేది: కోతులు దూకి పెంకు పగిలిన చోట, లేదంటే వాలులు కలిసే మూలల్లో రేకు చిల్లు పడిన చోట. చుక్క పడుతున్న చోట నిలబడి తలెత్తితే సూదిమొనంత వెలుతురు కనపడేది. జరిగిన పెంకైతే నాన్నగారు వెదురుకర్రతో కింద నుంచే సర్దేసేవారు. పగిలిందైతే నిచ్చెన వేయాలి. గోడవారన పాతిక పెంకులు ఎప్పుడూ దొంతరగా ఉండేవి. ఏటా రోహిణి కార్తెలో పనివాడొచ్చి కప్పంతా తిరగేసేవాడు, రెండు రోజుల పని.

ఇది చదివి మురిసిపోకండి. మా అమ్మ ముందు లోగిలిని పొగిడితే ఊరుకోదు. "ఊడ్చినవాళ్లని అడగరా" అంటుంది. వాసాల్లోంచి రోజూ రాలే పొట్టు, అటక మీద ఎలుకలు, వంటింటి పొగ. అర్ధరాత్రి అవసరమొస్తే టార్చిలైటు పట్టుకుని పెరటి చివరిదాకా నడవాలి. దారిలో తేలు కనపడితే అదృష్టం, కనపడకుండా ఉన్నదే కుడుతుంది.

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి మా కప్పు సగం లేచిపోయింది. వీధి మొత్తానికి ఉన్న ఒక్క స్లాబు ఇంట్లో నలభై మందిమి తెల్లవార్లూ ముడుచుకుని కూర్చున్నాం. ఎగిరొచ్చిన పెంకులు తలుపుకి తగిలి పగులుతుంటే లోపల ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి పెంకు మీద నాన్నగారికున్న నమ్మకం పోయింది. ఏడాది తిరక్కుండా రాజమండ్రి మారిపోయాం.

డాబా అంటే తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, మొజాయిక్ నేల, కిటికీల మీద సజ్జలు, గోడల్లో వెంటిలేటర్లు. గాలికి భయం లేదు. వడియాలకీ ఆవకాయ ముక్కలకీ మేడ ఉంది కనక అమ్మకి ఆ ఇల్లే స్వర్గం. కాకపోతే వేసవిలో రాత్రి పదకొండు దాటినా స్లాబు పెనంలా సెగలు కక్కేది. మార్చిలో మేడంతా సున్నం కొట్టించేవాళ్లం, తేడా బాగానే తెలిసేది. తెలంగాణ ప్రభుత్వం 2023లో, కప్పులు ఎండకి వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ విధానం అని తెచ్చినప్పుడు, మా సున్నానికి ఇన్నాళ్లకి ఇంగ్లీషు పేరొచ్చిందని నవ్వుకున్నాను.

ఇంటికి ఇరవై ఏళ్లు దాటాక హాల్లో తడి మరక లేచింది. మేస్త్రి పైకీ కిందకీ నాలుగుసార్లు తిరిగి, "నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో ఆ స్లాబుకే తెలియాలండి" అన్నాడు. తీరా చూస్తే నీరు దిగేది పిట్టగోడ మూల, బయటపడేది ఫ్యాను కొక్కెం దగ్గర. రెండుసార్లు పైపైన పూయించి ఊరుకున్నాం, తప్పు మాదే. లోపల ఊచలకి తుప్పు పట్టి, ఉబ్బి, సిమెంటుని తోసేశాయి. 2011లో ఒక మధ్యాహ్నం చాటంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. ఆ పూట మంచం ఖాళీగా ఉంది, అంతే. ఆ ఎండాకాలం మేడ మీది పాత గచ్చు కొట్టించి, వాలు సరిచేసి, కొత్త గచ్చు చేయించాం. మూడు వారాలు పట్టింది, డబ్బు బాగా పోయింది. కానీ ఆగింది.

ఇక ఫ్లాట్. అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసిన గోడలు, క్యాలెండర్ తగిలించాలన్నా డ్రిల్లు పట్టాలి. పడమటి గోడ సాయంత్రం ముట్టుకుంటే కాలుతుంది. 1,650 అడుగులని చెప్పుకుంటాం కానీ కార్పెట్ ఏరియా, అంటే ఇంట్లో నిజంగా వాడుకునే చోటు, 1,150. కాగితంలో రాసే ఉంది, చదవనిది నేనే. అయినా లిఫ్టుంది, దోమలు తక్కువ, అమ్మ మోకాళ్లకి మెట్ల బాధ తప్పింది. ఆవిడ మార్కులు దీనికే ఎక్కువ.

నాలుగో ఏడు మా బాత్రూమ్ కప్పు చెమర్చింది. ఈసారి తలెత్తితే కనపడేది పైవాళ్ల నేల. మన కప్పే గానీ, కొట్టి చూసే హక్కు మనది కాదు. రెరా చట్టం ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడ్డ నిర్మాణ లోపాన్ని బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలి. అదే రాసి పంపాను. పైవాళ్లు టైల్స్ మార్పించారు కాబట్టి మాకు సంబంధం లేదన్నారు బిల్డరువాళ్లు. పైవాళ్లేమో పైపు ముందునుంచీ అంతే అన్నారు. అసోసియేషన్, మీరూ మీరూ చూసుకోండంది. ప్లంబరు మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఫోటోలు తీసుకెళ్లాడు. వెదురుకర్ర ఇంట్లో ఉన్నా ఏం పొడవాలి?

యాప్‌లో పెట్టిన ఫిర్యాదు పోయిన నెల ఆకుపచ్చ రంగులోకి మారింది, 'పరిష్కరించబడింది' అని. మరక ఇప్పుడు భోజనం పళ్లెమంత ఉంది.