జాగ్రత్త! “ఫార్మాట్ కొడితే అన్నింట్ల నడుస్తది” అన్నవాడి చేతిలోంచి ముందు డిస్క్ లాక్కోండి

ముందే చెప్తున్నాను, కోపంలో రాస్తున్నాను. శనివారం సాయంత్రం నుంచి సరిగ్గా నిద్ర లేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

కంప్యూటర్ రిపేర్ల కొట్టు పేరు రాయను. మన కాలనీలో ప్రింటర్ మొరాయించినా, కీబోర్డు మీద టీ ఒలికినా అందరం పరిగెత్తేది ఎక్కడికో మీకు తెలుసు. ఎనిమిదేళ్లుగా నేనూ అక్కడికే. గ్రూపులో ఎవరైనా అడిగితే నంబర్ పెట్టేది నేనే. నా మాట మీద అక్కడికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే, క్షమించండి.

మా ఇంట్లో మూడు కంప్యూటర్లు, మూడు రకాలు. నాది విండోస్ 11 ల్యాప్‌టాప్. అమ్మాయిది మ్యాక్‌బుక్. హాల్లో ఉన్నది పాత డెస్క్‌టాప్. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్టు ఆపేసింది, ఆ ముసలి పెట్టె విండోస్ 11కి పనికిరాదంది. సంక్రాంతికి పుణె నుంచి వచ్చిన మా తమ్ముడు దాంట్లో విండోస్‌కి బదులు, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి పోయాడు. బాగానే నడుస్తోంది, దాని మీద ఫిర్యాదు లేదు. వేసేముందు అందులో ఉన్నవన్నీ ఒక 2 టీబీ డిస్క్‌లోకి మార్చాం. ఆ డిస్క్ కొన్నదీ ఈ కొట్లోనే, “ఏ కంప్యూటర్‌కైనా పెట్టుకోవచ్చు మేడం” అన్న మాట మీద.

“రెండో కాపీ ఉంది కదా అక్కా?” అని తమ్ముడు అప్పుడే అడిగాడు. “ఉందిలే, నువ్వు కానీ” అన్నాను. ఏముందో, ఎక్కడుందో నాకే తెలియదు. డిస్క్‌లో పెట్టడమే బ్యాకప్ అనుకున్నాను. అసలు దాన్ని తుడిచేశాక మిగిలింది ఒక్కటే కాపీ అని ఇంత వయసొచ్చి నాకు తట్టలేదు.

సరే, ఇబ్బంది ఎక్కడ మొదలైందంటే, అమ్మాయి మ్యాక్‌కి డిస్క్ పెడితే ఫోటోలు కనిపిస్తాయి, కానీ తనవి అందులో వేద్దామంటే పేస్ట్ అనే మాటే బూడిద రంగులో ఉంటుంది, నొక్కినా కదలదు. పెన్ డ్రైవ్‌లో మోసుకుపోదామంటే తమ్ముడి పెళ్లి వీడియో ఎక్కదు. డ్రైవ్‌లో బోలెడు ఖాళీ ఉంది, అయినా ఫైలు మరీ పెద్దదంటుంది. ఇప్పుడు నాకు అన్నీ తెలుసు లెండి. డిస్క్‌లో ఫైళ్లు సర్దడానికి రకరకాల పద్ధతులున్నాయి, నా డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉంది. అది విండోస్ వాళ్లది, 1993 నుంచి ఉంది. మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ దాంట్లో రాయదు. లినక్స్ రెండూ చేస్తుంది. పెన్ డ్రైవ్‌లో ఉన్నది ఫ్యాట్32, అందులో ఒక్కో ఫైలు 4 జీబీకి లోపలే ఉండాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని ఊరికే అనలేదు.

శనివారం నాలుగింటికి కొట్టు నుంచి కుర్రాడు వచ్చాడు. విజిటింగ్ ఛార్జి 600, పని అయ్యాక ఇంకో 600. మంచి కుర్రాడే, మాట మెత్తన. ముందు వైఫై మీదే మూడూ కలుపుతానన్నాడు. నా ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌ని షేర్ చేశాడు, మ్యాక్‌లో పేరు, పాస్‌వర్డ్ అడిగింది. నేను రోజూ కొట్టే నాలుగంకెల పిన్ చెప్పాను. ఒప్పుకోలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ లేదు. అక్కడి నుంచి గంటసేపు అవీ ఇవీ మారుస్తూ కూర్చున్నాడు. ఏం మార్చాడో నేను చూడలేదు. అది రెండో కథ, తర్వాత చెప్తాను.

ఆరింటికి విసుగొచ్చినట్టుంది. “గిదంత లొల్లి ఎందుకక్కా, డిస్క్ ఉంది కదా. దాన్నే సెట్ చేస్తా, మూడింట్ల నడుస్తది” అన్నాడు. “చేసెయ్ బాబూ” అన్నాను.

నేను అన్న మాట అదే. రెండే రెండు ముక్కలు. కొట్టువాడు ఇప్పుడు వాటినే నా మీదికి విసురుతున్నాడు.

స్టవ్ మీద పాలు ఉన్నాయి. పొంగిన చప్పుడు విని లేచాను. కట్టేసి, గట్టు తుడిచి, ఎలాగూ ఉన్నాను కదా అని ఆ కుర్రాడికి కూడా టీ పెట్టి తెచ్చాను. ఎంత, ఐదారు నిమిషాలు. వచ్చేసరికి “అయిపోయిందక్కా” అని నవ్వుతున్నాడు. జేబులోంచి తన పెన్ డ్రైవ్ తీసి, ఏదో కొత్త సినిమాని నా డిస్క్‌లోకి కాపీ చేశాడు. “చూడండి, 4 జీబీ మీద ఉంది, ఎక్కుతున్నది” అని చూపించాడు. డిస్క్ తీసి మ్యాక్‌కి పెట్టాడు, సినిమా ఆడింది. డెస్క్‌టాప్‌కి పెట్టాడు, ఆడింది. నేను ఏం చేశానో తెలుసా? భలే చేశావని మెచ్చుకుని, ఛార్జి మీద ఇంకో వంద చేతిలో పెట్టాను. నా కొంపకు నిప్పు పెట్టినవాడికి టీ, బిస్కెట్లు, బక్షీస్.

రాత్రి తొమ్మిదింటికి మా వారికి ఏదో ఫోటో చూపిద్దామని డిస్క్ తెరిచాను. సినిమా ఉంది. ఇంకేమీ లేదు. మూడుసార్లు తీసి పెట్టాను. ఒకసారి మ్యాక్‌లో కూడా చూశాను, అక్కడైనా కనిపిస్తాయేమోనని. 1.81 టీబీలో సినిమా తప్ప మొత్తం ఖాళీ అని చూపిస్తోంది. కాళ్లలో సత్తువ పోయింది.

కుర్రాడికి ఫోన్ చేశాను. “ఫార్మాట్ చేస్తే పోతయి కదా అక్కా, అది అందరికీ తెల్సిందే కదా” అన్నాడు. అందరికీ తెలిసిందే! విండోస్ కూడా ఆ ముక్క చెప్పే ఫార్మాట్ చేస్తుంది, ఉన్నదంతా చెరిగిపోతుంది అని రాసి ఓకే నొక్కమంటుంది. ఆ మాట తెర మీద చూసినవాడు పక్క గదిలో ఉన్న మనిషిని ఒక్క కేక వేసి అడగలేకపోయాడా? “అక్కా, ఇందులో కావాల్సినవి ఉన్నయా?” అంతే. నాలుగు మాటలు.

ఆదివారం పొద్దున్నే కొట్టు యజమానికి చేశాను. ఎనిమిదేళ్ల పరిచయం, కనీసం అయ్యో అంటాడనుకున్నాను. “బ్యాకప్ పెట్టుకోకపోవడం మీ తప్పు మేడం. బిల్లు వెనకాల రాసి ఉంది చూసుకోండి, డేటాకి మాది బాధ్యత కాదు” అన్నాడు. నేను గొంతు పెంచాను. అప్పుడు అన్నాడు చూడండి, ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ఒక్క మాటే: “మీకు టెక్నికల్‌గా అర్థం కాదు మేడం. సారు ఉంటే ఫోన్ ఇవ్వండి, ఆయనకు చెప్తాను.”

మా సారు పెన్ డ్రైవ్‌ని ఇప్పటికీ “ఆ పుల్ల” అంటారు. ఆయనకు చెప్తాడట. నేను పాతికేళ్లుగా కంప్యూటర్ ముందే ఉద్యోగం చేస్తున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు చెయ్యి వణికింది. ఫోటోలు పోయినందుకు రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

ఏం పోయిందో కూడా చెప్తాను. 1998లో తమ్ముడి పెళ్లి, రెండు వీడియో క్యాసెట్లు. రెండేళ్ల కిందట డబ్బు పోసి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఎక్కించాక, బూజు పట్టిన క్యాసెట్లు ఇంకెందుకని పాత సామాన్లవాడికి వేసేశాను. అవును, నేనే. నా చేతులతోనే. మా నాన్న 2004లో పోయారు. ఆయన కదులుతూ కనిపించేది ఆ వీడియోలో ఒక్కచోటే. పంక్తిలో కూర్చుని ఉంటారు, ఎవరో గారెలు మారు వడ్డించబోతే విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి తల ఊపుతారు. వడ్డించేవాడు వినడు, వేళ్ల సందులోంచి ఒకటి జారవిడుస్తాడు. నాన్న కెమెరా వైపు చూసి నవ్వుతారు. అంతే, పది సెకన్లు ఉండదు.

తమ్ముడికి చెప్పడానికి భయపడ్డాను. పెళ్లి వాడిది కదా. వాడు ఒక్క మాట అనలేదు. “ముందు డిస్క్ పీకెయ్ అక్కా, దాని మీద ఇంకేమీ రాయొద్దు” అన్నాడు. ఎవరికైనా ఇలా జరిగితే మొదట చేయాల్సింది ఇదేనట. క్విక్ ఫార్మాట్ చేస్తే సాధారణ హార్డ్ డిస్క్‌లో పుస్తకానికి విషయసూచిక చింపినట్టు. పేజీలు లోపలే ఉంటాయి, వాటి మీద కొత్తది రాసేదాకా. ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే పళ్లెం లేని కొత్త రకం డిస్క్) అయితే చాలాసార్లు ఆ ఆశ కూడా ఉండదట. ఫోటోరెక్ అని, పోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాం ఉచితంగా దొరికేది ఒకటుంది, ఫోన్‌లోనే చెప్తూ డెస్క్‌టాప్‌లో వేయించాడు, రాత్రంతా నడిచింది. దొరికినవాటిని అదే డిస్క్‌లో పెట్టకూడదు, వేరేదాంట్లో పెట్టాలి. దానికోసం ఇంకో డిస్క్ కొన్నాను, ఇంకో కొట్లో.

ఫోటోలు చాలావరకు వచ్చాయి. పేర్లు రాలేదు, ఫోల్డర్లు లేవు, అన్నీ ఎఫ్ అక్షరం, పక్కన అంకెలు. “గుడ్ మార్నింగ్” గులాబీలు మాత్రం ఒక్కటి కూడా పోకుండా వచ్చాయి. పెళ్లి వీడియో రెండు ముక్కలుగా దొరికింది. ఒకటి తెరుచుకోదు. రెండోది పదకొండు నిమిషాలు ఆడి ఆగిపోతుంది. బ్యాండు మేళం, ఊరేగింపు, మా పెద్దత్త చీర సర్దుకోవడం. భోజనాల దాకా రాదు. మిగతాది ఆ సినిమా కింద పడి ఉంటుందని తమ్ముడి అనుమానం. అమీర్‌పేటలో డేటా తీసేవాళ్లని అడిగాను. పైన వేరేది రాసేసిన చోటు ఎవరూ వెనక్కి తేలేరని మొహం మీదే చెప్పారు. డబ్బు గుంజకుండా నిజం చెప్పినందుకు వాళ్లకు దండం.

ఇప్పుడు రెండో కథ. తమ్ముడు నా ల్యాప్‌టాప్‌ని దూరం నుంచి చూసి తల పట్టుకున్నాడు. ఆ కుర్రాడు ఫైర్‌వాల్ (బయటివాళ్లు దూరకుండా ఉండే కాపలా) ఆపేసి పోయాడు. షేరింగ్‌కి పాస్‌వర్డ్ అక్కర్లేదని పెట్టాడు. ఫోల్డర్‌లో ‘ఎవ్రీవన్’కి, అంటే ఎవరికైనా, పూర్తి హక్కులిచ్చాడు. మా వైఫై పై వాటాలో అద్దెకుండే పిల్లలు కూడా వాడతారు! ఇవి చాలవన్నట్టు ఎస్‌ఎంబీ1 అనే, ఫైళ్లు పంచుకునే పాతకాలపు పద్ధతిని ఆన్ చేశాడు. 2017 మేలో ప్రపంచమంతా గగ్గోలు పెట్టిన వన్నాక్రై వైరస్ దూరింది దాంట్లోని లోపం గుండానే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది చివరి నుంచే విండోస్ 10 కొత్తగా వేస్తే అది మామూలుగా రాదు. తీసేసినదాన్ని వెతికి మరీ పెట్టాడు మహానుభావుడు.

అసలు తప్పు ఏమిటో తెలుసా? పిన్. ఇంకో కంప్యూటర్ నుంచి షేర్ ఫోల్డర్ తెరవడానికి పిన్ చెల్లదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కొట్టాలి. అంతే! తమ్ముడు అన్నీ మళ్లీ మూసేసి, ఇంటి వైఫైని ‘ప్రైవేట్’ అని మార్పించి, పాస్‌వర్డ్ కొట్టమన్నాడు. మ్యాక్‌లో ఫైండర్ తెరిచి కమాండ్, కే కలిపి నొక్కితే ఒక గడి వస్తుంది, అందులో ఎస్‌ఎంబీ (ఇది కొత్త రకమే, ఆ పాతది కాదు) అని మొదలుపెట్టి నా ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్, అంటే వైఫైలో దాని నంబర్, కొట్టాం. తెరుచుకుంది. లినక్స్‌లో ఫైళ్ల కిటికీ పైన అదే అడ్రస్. తెరుచుకుంది. ఇరవై నిమిషాల పని. పైగా ఇలా వైఫై మీద అయితే డిస్క్ ఏ పద్ధతిలో ఉన్నా ఒకటే. నా ల్యాప్‌టాప్‌కి ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్ తగిలించి షేర్ చేసి ఉంటే, అందులో రాసేది విండోసే కాబట్టి మ్యాక్ నుంచి కూడా వేసుకోవచ్చు. ఫార్మాట్ అవసరమే లేదు. అసలు లేదు.

సలహా అంటే ఏముంది, మీకు తెలియనిదా. మూడింట్లో నడవాలంటే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయడం మంచిదే, కాదనను, కానీ డిస్క్ కొన్న రోజే, ఖాళీగా ఉన్నప్పుడే చేసుకోండి. మ్యాక్ పద్ధతిలో ఉన్న డిస్క్‌ని విండోస్‌కి పెడితే ‘వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయనా?’ అని దానంతటదే అడుగుతుంది, వద్దు అనండి. ఎవరినైనా పిలిస్తే పక్కనే కూర్చోండి, పాలు పొంగితే పొంగనివ్వండి. బిల్లు వెనక ఏం రాసినా అడిగే హక్కు మనకు ఉందని నా ఉద్దేశం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఈరోజు చేశాను, ఫిర్యాదు తీసుకున్నారు. ఏమవుతుందో చూడాలి.

ఆ సినిమా ఇంకా నా డిస్క్‌లోనే ఉంది. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. తీసేస్తానంటే తమ్ముడు ఒప్పుకోవడం లేదు, ఇంకోసారి వేరే పద్ధతిలో వెతికి చూస్తాడట, అందాకా దాన్ని కదపొద్దన్నాడు.