బంతి దక్కించుకునే నిపుణుడా, ఫార్వర్డ్‌ల ఉమ్మడి బాధ్యతా?

రగ్బీలో ట్యాకిల్ (బంతి ఉన్నవాడిని పట్టి కింద పడేయడం) జరిగిన చోట బంతి లాక్కునే పనిని ఒక నిపుణుడికి అప్పగించాలా, లేక ఫార్వర్డ్‌లు (ముందుండి బంతి కోసం పోరాడే ఆటగాళ్లు) అందరూ పంచుకోవాలా? అక్కడ నిపుణుడి విలువ కళ్లకు కడుతుంది: పడిపోకుండా నిలిచి, నడుము వంచి, రక్ (నేల మీది బంతి కోసం ఇరు జట్ల వాళ్లు నెట్టుకునే గుంపు) ఏర్పడకముందే బంతిని రెండు చేతులా ఒడిసిపట్టాడంటే, కింద పడినవాడు వదలకపోతే నిపుణుడి జట్టుకు పెనాల్టీ వస్తుంది. 2011, 2015 ప్రపంచ కప్పులు గెలిచిన న్యూజిలాండ్‌కు ఏడో నంబరు ఫార్వర్డ్ రిచీ మెక్‌కా అలాంటివాడు.

ఖర్చు: నిపుణుడికి చోటిస్తే లైనవుట్‌లో (పక్క గీత దాటిన బంతిని తిరిగి లోపలికి విసిరితే ఎగిరి అందుకునే వరుసలో) ఒక పొడగరి తగ్గవచ్చు.

శ్రమ: బాధ్యత పంచుకోవాలంటే అందరూ ఆ నేర్పు సాధించాలి; అదే కష్టం.

ప్రమాదం: వంగినవాడి మెడ, మోకాళ్లు దెబ్బలకు గురవుతాయి, ఆ ఒక్కడే గాయపడితే జట్టు వ్యూహమే చెదురుతుంది.

దక్షిణాఫ్రికా హుకర్ (ఫార్వర్డ్‌ల ముందు వరుస మధ్యలో ఆడేవాడు) మాల్కమ్ మార్క్స్‌లా బంతి లాక్కోగలవాడు ముందు వరుసలోనే ఉంటే ప్రత్యేక నిపుణుడు అక్కరలేదని నా అభిప్రాయం. ట్యాకిల్ చేసి వెంటనే లేచే అలవాటు ఫార్వర్డ్‌లకు లేని జట్టుకు మాత్రం ఆ నిపుణుడు కావలసిందే.